తీసేసిన కాలమ్

నాకు ఎవరి మీదైనా కోపం వస్తే అంత తొందరగా పోదు. పాము పగ పన్నెండేళ్లు అంటారు. నాకు అన్నేళ్లు పట్టలేదు, పద్నాలుగు నెలలు పట్టింది. ఆ పద్నాలుగు నెలలూ ఒక మనిషి నలుగురిలో తల దించుకోవాలి, అది నా కళ్లతో నేను చూడాలి అన్న ఒక్క కోరికతో ఆఫీసుకు వెళ్లి వచ్చాను. ఆ మనిషి మా ప్రాజెక్టు పెద్దసారు. ఆయన చేసిన తప్పు ఒక సగటు.

మాది తిరుమలాయపాలెం వైపు పల్లె. డిగ్రీలో స్టాటిస్టిక్స్ చదివి, ఖమ్మంలో ఆఫీసు ఉన్న ఒక పరిశోధన ప్రాజెక్టులో సర్వే పనికి చేరాను. మనుషుల అలవాట్ల మీద పరిశోధన అది. కడుపుతో ఉన్నవాళ్లు తమకిచ్చిన ఐరన్ మాత్రలు రోజూ వేసుకుంటున్నారా, మానేస్తే ఎందుకు మానేస్తున్నారు, ఇవి మేం తేల్చాల్సిన సంగతులు. పర్ణశాల రోడ్డు మీద కొంత దూరం పోయి అడవిలోకి తిరిగితే వచ్చే రెండు కోయగూడేలు నా వంతుకు వచ్చాయి. రెండింటి మధ్య ఒక వాగు. మాత్రలు పంచడానికి ఇవతలి గూడెంలో ఉండే ఒకామెను ప్రాజెక్టు పెట్టుకుంది. నాకంటే పదేళ్లు పెద్ద. నేను అక్కా అనేదాన్ని, ఆమె నన్ను చెల్లె అనేది.

మాత్రలు పంచడానికి సారు ఒక నియమం పెట్టాడు. వాగుకు ఇవతల జరిగే సోమవారం సంతలోనే ఇవ్వాలి. ఎవరి మాత్రలు వాళ్లే వచ్చి, వేలిముద్ర వేసి తీసుకోవాలి. పెట్టె సంత దాటి పోకూడదు. అవతలి గూడెంలో ఇంకో నియమం ఉంది. అది సారు పెట్టింది కాదు, వాళ్ల పెద్దలు ఎప్పుడో పెట్టింది. వాగులోకి కొత్త నీరు దిగాక కడుపుతో ఉన్న ఆడమనిషి వాగులో కాలు పెట్టదు. నీళ్లు తగ్గి ఇసుక తేలేదాకా అటే ఉంటుంది. నాకు ఆ సంగతి తెలియడానికి రెండు నెలలు పట్టింది. సారు అడవిలోకి రాలేదు కాబట్టి ఆయనకు తెలిసే అవకాశమే లేదు.

నేను చేరిన ఏడాది జులై ఆఖరులో ఆ నెల లెక్క తీశాం. వేసుకున్న మాత్రల ఖాళీ అట్టలు చూరులో దోపి ఉంచమని ముందే చెప్పాం. అక్కా నేనూ మోకాళ్ల దాకా చీర, చుడీదార్ ఎత్తిపట్టుకుని వాగు దాటి, ఇంటింటికీ తిరిగి చూరులు వెతికాం. రెండు గూడేల్లో కలిపి ఇరవై నాలుగు మంది. పనయ్యాక అక్క తన వసారాలో బొగ్గుతో ఒక పొడుగు గీత గీసింది. ఒక కొస సున్న, ఇంకో కొస ముప్పై, అంటే రోజుకొకటి చొప్పున నెలంతా. మనిషికొక చింతగింజ చొప్పున, ఎవరెన్ని వేసుకుంటే అక్కడ పెట్టింది.

"సూడు చెల్లె, ఇటు పన్నెండు గింజలు, అటు పన్నెండు. నడుమ ఎవ్వలు లేరు," అన్నది.

నిజంగానే నడుమ ఎవరూ లేరు. ఇవతలి గూడెం పన్నెండు మందీ ఇరవై ఎనిమిది, ఇరవై తొమ్మిది, ముప్పై. అవతలి గూడెం పన్నెండు మందీ సున్న, లేకపోతే చుట్టాలు తెచ్చిచ్చిన ఒకటో రెండో. నేను మూడేళ్లు కాలేజీలో చదువుకున్న పాఠం ఆమె చింతగింజలతో పావుగంటలో చెప్పేసింది.

రిపోర్టులో అంతా పద్ధతిగా రాశాను. సగటు పదిహేను. వరసలో నడిమి విలువ తీసినా పదిహేనే వచ్చింది. ఎందుకంటే ఆ నడిమి అనేది రెండు కుప్పల మధ్య ఉన్న ఖాళీ స్థలం. పదిహేను మాత్రలు వేసుకున్న మనిషి ఆ రెండు గూడేల్లో ఒక్కరు కూడా లేరు. అందుకే చివర ఇంకో కాలమ్ పెట్టాను. పుస్తకాల్లో ప్రామాణిక విచలనం అని భయపెట్టే పేరు దానిది. మామూలుగా చెప్పాలంటే, సగటుకు మనుషులు ఎంతెంత దూరంలో ఉన్నారో చెప్పే అంకె. అది పద్నాలుగు దాకా వచ్చింది. సగటు పదిహేను, దూరం పద్నాలుగు. ఆ రెండు అంకెలూ పక్కపక్కన చూస్తే ఎవరికైనా అనుమానం రావాలి.

సారు మీటింగులో అందరి ముందు నా కాగితం ఎత్తి చూపించాడు.

"ఈ చివరి కాలమ్ దేనికమ్మా?"

"జనం సగటుకు ఎంత దూరంలో ఉన్నారో చెబుతుంది సార్."

"దూరం సంగతి బస్సువాళ్లు చూసుకుంటారులే," అన్నాడు.

అందరూ నవ్వారు. నాతోపాటు గూడేలు తిరిగి కాళ్లు పుండ్లు చేసుకున్నవాళ్లు కూడా నవ్వారు. వాగు సంగతి చెప్పబోయాను. అంకెలు ఏరుకొచ్చేవాళ్లు అంకెలు ఏరుకొస్తే చాలు, వాటికి అర్థం తాను చెబుతానన్నాడు. ఆయన చెప్పిన అర్థం ఇది: సగటు పదిహేను కాబట్టి ప్రతి ఆడమనిషీ రోజు విడిచి రోజు మాత్ర మర్చిపోతోంది. కాబట్టి గోడల మీద రాతలు రాయించాలి, అవగాహన తరగతులు పెట్టాలి. పంచే ఆమెకు బాధ్యత లేదు కాబట్టి తీసేయాలి. కాలమ్ తీసేశాడు. అక్కను తీసేశాడు. నన్ను ఎదురు మాట్లాడినందుకు గూడేల నుంచి తప్పించి ఖమ్మం ఆఫీసులో కంప్యూటరు ముందు కూర్చోబెట్టాడు.

ఆ రోజు బస్సులో ఏడ్చాను. మధ్యలోనే ఏడుపు ఆపి, దీన్ని వదలనని అనుకున్నాను. చలికాలంలో వాగు ఎండిపోయింది. అవతలివాళ్లు ఇసుక మీద నడిచి సంతకు వచ్చారు, సగటు ఇరవై తొమ్మిదికి ఎక్కింది. గోడ రాతలు పనిచేశాయని సారు మిఠాయి పంచాడు. నేనూ ఒకటి తీసుకుని తిన్నాను. ఆ తీపి నాకు ఇప్పటికీ గుర్తుంది, ఇప్పటికీ కోపం వస్తుంది.

నన్ను కంప్యూటరు ముందు కూర్చోబెట్టడం దొంగ చేతికి తాళాలివ్వడమే అయింది. అందరి ఫీల్డు రిజిస్టర్లూ నా చేతి మీదుగానే పోయేవి. ప్రతి నెలా సారు పైకి రాసే ముక్క ఒకటి ఉంది: గూడేలు తిరిగే ఐదుగురూ తానూ కలిపి ఆరుగురం సగటున నెలకు ఇరవై రోజులు గూడేల్లో ఉన్నాం. లెక్క అబద్ధం కాదు. ఐదుగురు తలా ఇరవై నాలుగు రోజులు తిరిగేవారు. ఆరోవాడు సున్న. నూట ఇరవైని ఆరుతో భాగిస్తే ఇరవై. ఆ ఐదుగురి చెమటలోంచి తలా నాలుగు రోజులు ఆయన నెలనెలా తన పేరున వేసుకునేవాడు.

ఉగాది నాటికే కాగితాలన్నీ సిద్ధం. హెడ్డాఫీసుకు ఒక మెయిలు పెడితే అయిపోయేది. పెట్టలేదు. ముందే చెబితే ఆయన గుట్టుగా సర్దుకుంటాడు, పైగా తానే కనిపెట్టానంటాడు. నాకు కావలసింది సర్దుబాటు కాదు. నన్ను చూసి నవ్విన గదిలోనే ఆయన నిలబడాలి. సంవత్సరానికి ఒకసారి జరిగే పెద్ద సమీక్ష సెప్టెంబరులో. ఆగాను.

ఆ రోజు హెడ్డాఫీసు నుంచి ఒక మేడమ్ వచ్చింది. లెక్కలు చూపించే పని నాది. నేను ఒక తెల్ల చార్టు, రెండు అట్టల బొట్టుబిళ్లలు తీసుకెళ్లాను. ముందు ఇరవై నాలుగు బిళ్లలు అంటించాను, అక్క గింజలు పెట్టినట్టే. రెండు కొసల్లో రెండు కుప్పలు, నడుమ తెల్లకాగితం. అప్పుడు చెప్పనివ్వని వాగు సంగతి ఇప్పుడు చెప్పాను. దాని కింద ఇంకో గీత గీసి ఆరు బిళ్లలు అంటించాను. ఇరవై నాలుగు దగ్గర ఐదు, సున్న దగ్గర ఒకటి.

"ఈ చివరి చుక్క ఎవరిది?" అని మేడమ్ అడిగింది.

"రిజిస్టరులో పెద్దసారు పేరుంది మేడమ్. సగటు ఒక్కటే చూస్తే కనిపించరు. దూరం చెప్పే కాలమ్ ఒకటి ఉండేది. దూరం సంగతి బస్సువాళ్లు చూసుకుంటారని సార్ తీసేశారు."

ఈసారి ఎవరూ నవ్వలేదు. సారు జేబులోంచి పెన్ను తీసి, ఏం రాయాలో తోచక మళ్లీ జేబులో పెట్టుకున్నాడు. మెడ ఎర్రబడింది. నేను ఆయన ముఖం మీద నుంచి చూపు తిప్పుకోలేదు. జాలి పడాలేమోనని ఒక క్షణం వెతుక్కున్నాను. దొరకలేదు. కడుపు నిండా అన్నం తిన్నట్టుంది. వారంలో ఆయన వెళ్లిపోయాడు. మాత్రలు వాగు దాటించమని, అక్కను తిరిగి పెట్టుకోమని ఉత్తర్వు వచ్చింది.

ఆ ఉత్తర్వుతో, చుట్టిన చార్టు చంకలో పెట్టుకుని గూడెం పోయాను. అక్క వసారాలో కూర్చుని ఇప్పగింజలు ఒలుస్తోంది. నేను నిలబడే కథంతా చెప్పాను. సారు మెడ ఎర్రబడటం రెండుసార్లు చెప్పాను. ఆమె అడ్డు రాకుండా విన్నది.

"గీ లెక్క నీకు ఎప్పుడు దొరికింది చెల్లె?"

"ఉగాదికే దొరికిందక్కా. సమీక్ష దాకా దాచిపెట్టిన."

అక్క చేతిలో గింజ కింద పెట్టింది. "ఈ వానకాలం గూడ అటుదిక్కు గోలీలు పోలే. మా మేనకోడలికి తొమ్మిదో నెల. ఒంట్ల రగతం లేక కండ్లు తిరిగి పడ్డది. కట్టుబాటు పక్కకు పెట్టి, మంచం మీద వాగు దాటిచ్చినం. భద్రాచలం దవాఖానాల రగతం ఎక్కిచ్చిండ్రు. మనిషి బతికింది, బిడ్డ దక్కలే. ఇంక గోడ పట్టుకొనే నడుస్తాంది."

అక్క గొంతులో కోపం లేదు. ఉన్నా బాగుండేది, కోపానికి బదులివ్వడం నాకు వచ్చు.

"ఉగాది నుంచి ఇయ్యాల్టి దాక నువ్వు ఎన్నిసార్లు ఇటు వచ్చినవ్?"

"సున్న. ఒక్కసారి గూడ రాలేదక్కా."

"అవ్," అన్నది. లేచి లోపలికి వెళ్లి చెంబుతో నీళ్లు తెచ్చి ఇచ్చింది. నేను తాగాను. చార్టు విప్పకుండానే చంకలో పెట్టుకుని ఖమ్మం తిరిగి వచ్చాను.