సాక్షికి కప్పిన శాలువా

మా ఊళ్లో ఎవరు ఏ పని చేసినా శాలువా కప్పేస్తారు. ట్రాన్స్‌ఫార్మర్ బాగుచేసిన లైన్‌మన్‌కు కప్పారు. బదిలీ మీద పోతున్న ఎస్సైకి కప్పారు, ఆయన పోతున్నాడన్న సంతోషంతోనే అనుకుంటాను. నీళ్ల ట్యాంకరు చెప్పిన వేళకు తెచ్చినందుకు ఒక డ్రైవరుకు కూడా కప్పి ఫొటో దిగారు. కోర్టు ఎదురుగా నాది జిరాక్స్ అంగడి. ఆ ఫొటోలన్నీ ప్రింటు తీయించుకోవడానికి నా దగ్గరికే వచ్చేవాళ్లు. వాళ్లు మెట్లు దిగేదాకా ఆగి నవ్వుకునేదాన్ని.

మా వెనక వీధిలో ఒకామె ఉంది. ఆమె భర్త బండల పాలిష్ ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. గొలుసుతో పైకెత్తిన బండ తన మీద పడి చనిపోయాడు. గొలుసు తుప్పు పట్టి తెగిపోయింది. ఓనరు మాత్రం, తాగొచ్చి తనే బండ కిందికి పోయాడని చెప్పించాడు. ఆ మనిషి తాగడని వీధి వీధంతటికీ తెలుసు. అయినా ఆ మాట ఊరంతా పాకింది.

"బడిలో నా కూతుర్ని తాగుబోతోని బిడ్డ అంటాండారక్కా. తాగలేదు, గొలుసు తెగినాదని కోర్టులో ఒక్కరన్నా గట్టిగా చెప్పల్ల. నాకు ఇంకేం వద్దు" అనేది ఆమె.

గొలుసు తెగడం కళ్లారా చూసినవాడు ఒక్కడే. వాడు ఆ భయంతో బండల పని మానేసి, రాయదుర్గం పోయి జీన్స్ ప్యాంట్లకు ఇస్త్రీ చేసుకుంటున్నాడు. వాణ్ని పిలిపించి సాక్ష్యం చెప్పించాల్సింది ప్రభుత్వం తరఫున కేసు నడిపే ప్రాసిక్యూటర్. ఆ ఆఫీసుకేమో సమన్లు పంపడానికి తీరిక దొరకలేదు. ఆమె వాయిదా వాయిదాకూ వచ్చి, కోర్టు వరండాలో సాయంత్రం దాకా నిలబడి, నా అంగట్లో నీళ్లు తాగి పోయేది. చూసి చూసి నాకు ఒళ్లు మండింది. ప్రాసిక్యూటర్ ఆఫీసును కదిలించాలని ఒక వాట్సాప్ గ్రూపు పెట్టాను.

గ్రూపు పెట్టాక తెలిసింది మా ఊరి పౌరుషం ఏపాటిదో. న్యాయం కావాలని ఒకరు రాస్తే, దాని కింద పదిమంది శుభోదయం పూలబొమ్మలు పెట్టేవాళ్లు. మా వార్డులో ఒక సమాజసేవకుడు ఉన్నాడు. ఆయన చేసే సేవ ఏమిటో ఇంతవరకూ ఎవరికీ తెలియదు. పోస్టరు తయారుచేస్తే తన ఫొటో పైన పెద్దగా ఉండాలన్నాడు. ఆయనకు పెట్టాక మిగతావాళ్లు ఊరుకుంటారా? అందరి మొహాలూ సర్దేసరికి, చనిపోయిన మనిషి ఒక మూల తపాలా బిళ్లంత అయ్యాడు. ఆ పోస్టరు చేసిందీ నేనే. కోపంతో పళ్లు నూరుతూనే చేశాను.

అయినా పని జరిగింది. పైఅధికారులకు చేరేలా అందరం రోజూ పోస్టులు పెట్టాం, ఆన్‌లైన్‌లో సంతకాలు చేయించాం, బెంగళూరులో ఉన్న మావాళ్లు కూడా పంచుకున్నారు. ఒకరోజు ప్రాసిక్యూటర్ నన్ను ఆఫీసుకు పిలిపించాడు. కోస్తావైపు మనిషి, మెత్తగా మాట్లాడతాడు.

"మా ఆఫీసు ఆలస్యం చేసిన మాట నిజమేనండి. వచ్చే వాయిదాకు సాక్షిని పిలిపిస్తాను. ఒక్కటే మాట. ఆయన సాక్ష్యం చెప్పేదాకా మీ గ్రూపువాళ్లెవరూ ఆయన జోలికి వెళ్లకండి" అన్నాడు.

నేను ఆ మాట గ్రూపులో చెప్పాను. సమాజసేవకుడు వెంటనే వాయిస్ మెసేజ్ పెట్టాడు. "ఇన్నాళ్లు నిద్రపోయి ఇప్పుడు మనకు బుద్ధులు చెప్తాండాడు. మనకు పేరొస్తాదని కుళ్లప్పా ఆయప్పకు!" దాని కింద నేను నవ్వుతున్న బొమ్మ పెట్టాను. ఆఫీసును కదిలించాం కదా, నాకూ తలకెక్కింది.

వాయిదా రోజు పొద్దున సాక్షి రాయదుర్గం బస్సు దిగి వచ్చాడు. కోర్టు గేటు దగ్గర గ్రూపంతా తయారుగా ఉంది. శాలువా కొనుక్కొచ్చింది నేనే.

"ఇప్పుడొద్దుక్కా, చెప్పినంక చూస్తాంలే" అన్నాడు వాడు వెనక్కి జరుగుతూ. ఇస్త్రీ చేసుకునే వాడికి ఉన్న తెలివి మాలో ఒక్కరికీ లేకపోయింది. సమాజసేవకుడు ఫోను పట్టుకుని లైవ్ మొదలుపెట్టేశాడు. వెనక వీధి ఆమెను లాక్కొచ్చి పక్కన నిలబెట్టారు. నా చేతులతో నేనే కప్పాను. న్యాయం కోసం నిలబడిన హీరో అని రాసి ఆ ఫొటో ఫేస్‌బుక్‌లో పెట్టాం.

లోపల వాడు గొలుసు సంగతి చక్కగానే చెప్పాడు. తర్వాత ఓనరు తరఫు వకీలు లేచాడు. ఆయన చేతిలో మా ఫొటోనే ఉంది.

"ఈ శాలువా నీకు కప్పిందెవరు?"

"జిరాక్స్ అంగడి ఆయమ్మ సామీ."

"పక్కన నిలబడింది?"

"సచ్చిపోయినాయప్ప పెండ్లాం."

"సాక్ష్యం చెప్పకముందే సన్మానం చేశారే, ఏం చెప్పమని చేశారు?"

"ఏం చెప్పమనలేదు సామీ. నేనొద్దన్నా గూడా..." అని వాడు తడబడి, నావైపు చూశాడు. నేను తల దించుకున్నాను. ప్రాసిక్యూటర్ ఏదో సర్దబోయాడు కానీ, ఆ ఫొటో ముందు ఆయన మాత్రం ఏం చేస్తాడు?

కొన్ని నెలలకు తీర్పు వచ్చింది. మృతుడి తరఫువాళ్లు సాక్షిని ముందే చేతిలో పెట్టుకున్నారు కాబట్టి వాడి మాట నమ్మలేమన్నారు. కేసు కొట్టేశారు. ప్రాసిక్యూటర్ అమ్ముడుపోయాడని గ్రూపులో రెండు రోజులు తిట్లు నడిచాయి. మూడో రోజు సమాజసేవకుడు గ్రూపు పేరు మార్చి తాగునీటి సమస్య అని పెట్టాడు. శుభోదయం పూలు మాత్రం ఆగలేదు. ఆమె తీర్పు రోజు కూడా ఎప్పటిలాగే నా అంగట్లో నీళ్లు తాగి పోయింది. తిట్టి ఉంటే బాగుండేది.

పోయిన వారం కాగితాల కట్ట పట్టుకుని అంగడికి వచ్చింది. అప్పీలుకు పోతోందట. ఒక్కొక్కటీ మిషన్ మీద పెట్టి తీస్తూ పోయాను. అడుగున కోర్టు ముద్ర వేసిన ఫొటో వచ్చింది. అందులో నేను సాక్షి భుజం మీద శాలువా సర్దుతున్నాను. నా పక్కన ఆమె, ఎటు చూడాలో తెలియక నేల చూస్తోంది.

"ఇది గూడా తీయల్లా మే?" అన్నాను.

"అన్నీ కావల్లన్నాడక్కా లాయరు. నాలుగు తీయి" అంది.

తీశాను. నాలుగింట్లోనూ నేను నవ్వుతూనే ఉన్నాను.