సిద్దిరాములు, మూడో లైను

సిద్దిరాములు చెయ్యి ఊపందే ఆ కాలనీ ఆడవాళ్లు పట్టాల మీద కాలు పెట్టరు. మంచిర్యాల అవతల చిన్న స్టేషన్ ఊరది. గేటు మూసేసి కింద నుంచి దారి తీశారు గానీ, దసరా దాకా అందులో మోకాలి లోతు నీళ్లే. ఇక బతుకమ్మలు వాగుకు చేరేదెట్లా? పట్టాలు దాటే. గ్యాంగ్‌మన్‌గా పనిచేసి రిటైరైన సిద్దిరాములు ముందు నిలబడి దాటించేవాడు. ఒక్కో పట్టా మీద బండ్లు ఒకవైపు నుంచే వస్తాయి కాబట్టి ఒక్క దిక్కు చూస్తే చాలని అందరికీ చెప్పేవాడు.

ఈ ఏడే మూడో లైను మీద బండ్లు మొదలయ్యాయి. అవి మంచిర్యాల నుంచి వచ్చేవేనని ఆయనే తేల్చుకున్నాడు. ఎవరినైనా అడగొచ్చు కదా? అడగడు. అంత పొగరు.

సద్దుల బతుకమ్మ ముందురోజు కోడలు మంజుల తంగేడు పూలకు ఆయన వెంట బయల్దేరింది. ఆయన మంచిర్యాల దిక్కు చూసి, "నడువు బిడ్డా" అన్నాడు. బండి రెండో దిక్కు నుంచి వచ్చింది. ఆ లైను మీద అటూ నడుస్తాయి, ఇటూ నడుస్తాయి. మంజుల వెనక్కి పడబట్టి బతికింది.

"ఎవ్వలకు చెప్ప మామా. పరేషాన్ గాకు" అందామె ఇంటికొచ్చాక. ఆయనకు అన్నం సయించలేదు. చెప్తే పరువు పోతుంది. చెప్పకపోతే రేపు అందరూ తన చెయ్యి చూసే దాటుతారు.

మర్నాడు పొద్దుగూకే వేళ అందరికన్నా ముందు కాలనీలో పెద్దామె అనసూర్య బతుకమ్మ ఎత్తుకుని నిలబడింది. "జర జల్ది చెప్పు తమ్మీ, నెత్తి మీద బరువున్నది."

ఆయన రెండు చేతులూ అడ్డం చాపాడు. "నా లెక్క తప్పిందక్కా. గా మూడో పట్టా మీద రెండు దిక్కుల నుంచీ వస్తున్నయి. నిన్న నా కోడల్ని నేనే బండి ముందటికి పంపిన. నా మాట మీద ఎవ్వలు దాటకుండ్రి." సిగ్గుతో తలెత్తలేకపోయాడు.

అనసూర్య తిట్టలేదు. మొహం మాత్రం పాలిపోయింది. "నువ్వు చెప్పిందే మా పోరగాండ్లకు నేర్పినం. రోజు బడికి గట్లనే దాటుతున్రు" అంది.

ఆడవాళ్లు పట్టాల కింది నీళ్ల దారి పట్టారు. సిద్దిరాములు పిల్లలున్న ఇల్లిల్లూ తిరగడం మొదలుపెట్టాడు. మొదటింట్లో బడికెళ్లే చిన్నపిల్ల హర్షిణి ఆయన చెప్పిందంతా విని, నమ్మకంగా తల అడ్డంగా ఊపింది.

"ఒక్క దిక్కు సూస్తే సాలు తాతా. నువ్వే గద చెప్పినవ్."