సైన్సు గదిలో తెల్లగడ్డ వాసన

అరవైల మొదట్లో, ఒక జూన్ నెలలో పెనుకొండ హైస్కూల్లో జనరల్ సైన్సు టీచరుగా చేరాను. హిందూపురంలో బస్సెక్కిస్తూ మా నాయన ఒకటికి రెండుసార్లు చెప్పాడు, ఇది టెంపరరీ ఉద్యోగం, ఎవరితోనూ పెట్టుకోవద్దు, చిన్న మాట వచ్చినా ఇంటికొచ్చెయ్, సంబంధం చూసి పెట్టాను అని. ఆ సంబంధం నాకు ససేమిరా ఇష్టం లేదు. అందుకే ఆ ఉద్యోగాన్ని ప్రాణంలా పట్టుకోవాలనుకున్నాను.

హెడ్మాస్టరు గారు పెద్దాయన, రూలు తప్పని మనిషి. సైన్సు చెప్పడానికి ఆడమనిషి రావడం ఆయనకు కొత్త. నన్ను ఎగాదిగా చూసి, తరగతులు అప్పజెప్పి, సైన్సు గది తాళంచెవి మాత్రం లేదన్నారు. నాకు ముందున్న మాస్టరు ధర్మవరానికి బదిలీ అయి, వేసవి సెలవుల ముందే తాళంచెవి జేబులో వేసుకుని వెళ్ళిపోయాడట. ఆయన వచ్చి సామాను అప్పగించేదాకా ఎవరూ ఆ తలుపు ముట్టకూడదన్నారు. నేను తలూపాను.

ఆరోజు మధ్యాహ్నం ఎండలో ఆ గది ముందు నుంచి పోతుంటే తెల్లగడ్డ వాసన, అదే వెల్లుల్లి వాసన తగిలింది. ఎవరో క్యారియర్ విప్పారనుకున్నాను. ఇంకాస్త ముందుకు పోయాక కాళ్ళు ఆగిపోయాయి. అనంతపురం కాలేజీలో నేను బాగా ఎరిగిన వాసన అది. భాస్వరం పొగ అచ్చం తెల్లగడ్డలాగే వాసనేస్తుంది.

భాస్వరాన్ని ఎప్పుడూ నీళ్ళలో ముంచి ఉంచాలి. గాలి తగిలితే పొగలు కక్కుతుంది, ఎండ వేడి తోడైతే అగ్గిపుల్ల గీయకుండానే దానంతటదే అంటుకుంటుంది. సెలవులంతా మూసిన గది, పైన రేకులు, సీసాలో నీళ్ళు పోసే నాథుడు లేడు. మా వైపు ఎండలకు చెరువులే ఎండుతాయి, ఇక సీసా ఎంత! తలుపు సందులోంచి చూస్తే లోపల అర మీద ఒక సీసా మూతి దగ్గర తెల్లటి పొగ కదులుతోంది. దాని పక్కనే స్పిరిటు సీసా. ఆ గది గోడకు ఆనించి వేసిన బోదగడ్డి కప్పు కొట్టంలో ఆరో తరగతి పిల్లలు ఎక్కాలు చదువుతున్నారు. కొట్టానికి ఒకటే వాకిలి.

పరుగున పోయి హెడ్మాస్టరు గారికి చెప్పాను. వెనక వీధిలో ఎవరో వంట చేస్తుంటారని ఆయన కొట్టిపారేశారు. అంత అనుమానమైతే ధర్మవరానికి సాయంత్రం రైల్లో మనిషిని పంపిస్తానన్నారు. రైలు వచ్చేలోగా కొట్టం మిగలదన్నాను. కనీసం పిల్లల్నైనా బయటికి పంపమని బతిమాలాను. బడి తెరిచిన మొదటిరోజే పిల్లల్ని ఎండలో నిలబెడితే ఊరంతా ఏమనుకుంటుందని విసుక్కున్నారు. నాకు ఒళ్ళు మండింది. తాళం పగలగొడతానన్నాను.

"పగలగొట్టమ్మా. రేపటినుంచి మాత్రం ఈ బడి గడప తొక్కొద్దు," అన్నారాయన.

ఒక్క క్షణం మా నాయన చూసిపెట్టిన సంబంధం కళ్ళముందు మెదిలింది. అబద్ధమెందుకు, కాళ్ళు వెనక్కే లాగాయి. అంతలో కొట్టంలోంచి ఎక్కాల పాట వినిపించింది. నేరుగా లోపలికి పోయి, ఎక్కాలు చెప్పిస్తున్న మాస్టరు అడ్డుచెప్పేలోపే పిల్లలందర్నీ లేపి వేపచెట్ల కిందికి తోలాను. తాగే నీళ్ళ బానలోంచి బక్కెట నిండా ముంచుకున్నాను. రాయెత్తి తాళం మీద కొట్టాను. అది ఊడేసరికి చేతులు బొబ్బలెక్కాయి.

లోపల కళ్ళు తెరవలేనంత పొగ. తడిపిన పైట ముక్కుకు చుట్టుకున్నాను. సీసాలో నీళ్ళు అడుక్కి దిగిపోయాయి. భాస్వరం కడ్డీల తలలు నీళ్ళ పైకి బయటపడి ఉన్నాయి, బిరడా అంచు నల్లగా మాడింది. సీసా వెచ్చగా ఉంది. దాన్ని ఎత్తానో లేదో లోపల ఒక కడ్డీ కొసన పచ్చటి మంట లేచింది. విసిరేయమంటోంది చెయ్యి. విసిరితే స్పిరిటు మీద పడుతుంది. గట్టిగా పట్టుకుని బక్కెటలో ముంచేశాను. మాడిన బిరడా ఊడి, నీళ్ళు బుడబుడమని లోపలికి పోయి మంట ఆరింది, కడ్డీలు బక్కెట అడుక్కి జారాయి.

బక్కెటను బయటికి తెచ్చి బండ పక్కన పెట్టాను. హెడ్మాస్టరు గారు వచ్చి తొంగిచూశారు. నీళ్ళలో పసుపు రంగు కడ్డీలు అమాయకంగా పడి ఉన్నాయి.

"ఈ కొవ్వొత్తి ముక్కలకేనా ఇంత రచ్చ చేసింది?" అంటూ ఒకదాన్ని తీయబోయి బక్కెటలో చెయ్యి పెట్టారు.

నేను ఆయన మణికట్టు పట్టుకున్నాను. చుట్టూ మాస్టర్లు, పిల్లలు. ఇరవై రెండేళ్ళ ఆడపిల్ల అందరిముందూ హెడ్మాస్టరు చెయ్యి పట్టుకోవడం! ఆయన ముఖం ఎర్రబడింది. అయినా ఆయన చెయ్యి నీళ్ళలోంచి బయటికి వచ్చేదాకా నేను వదల్లేదు.

సైన్సు గదిలోని పట్టుకారుతో చిన్న ముక్క తీసి ఎండలో బండ మీద పెట్టి దూరం జరగమన్నాను. ముక్క మీద తడి ఆరింది. ఏమీ కాలేదు. వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. హెడ్మాస్టరు గారు జేబురుమాలతో చెయ్యి తుడుచుకుంటున్నారు. నా ఉద్యోగానికి నీళ్ళు వదులుకోవడమేననుకున్నాను. అప్పుడు సన్నగా పొగ లేచింది. మరుక్షణం భగ్గుమంది. ఎవరూ ముట్టించకుండా మండిన ఆ ముక్కను చూసి పిల్లలు చప్పట్లు కొట్టారు, ఇంకోసారి చేయమన్నారు.

హెడ్మాస్టరు గారు మంటను చూశారు, తన వేళ్ళను చూసుకున్నారు, తర్వాత చాలాసేపు కొట్టం పైకప్పు వైపు చూశారు. రేపటి సంగతి ఎత్తలేదు.

"ఇంత తెలిసుండీ ఒక్కదానివే లోపలికి పోతివామ్మా?" అని మెల్లగా అడిగారు.

అంతవరకూ నాకు భయమన్నదే గుర్తు రాలేదు. ఆయన అడిగాక వచ్చింది. గోడకు చేరగిలబడ్డాను. ఆయన ఎదుట మాస్టర్లు కూర్చోవడం ఆ బడిలో లేని పద్ధతి. తన గదిలోంచి తన కుర్చీ తెప్పించి నన్ను కూర్చోమన్నారు. నేను కూర్చుని, ఇంకా చప్పట్లు కొడుతున్న ఆ పిల్లల్ని చూస్తూ భోరుమన్నాను.