పైడిరాజు మాస్టారి చూపు తగ్గలేదు

ఈ ఉదయం మా కిటికీ గట్టు మీద, పోర్టు నుంచి ఎగిరొచ్చే బొగ్గు దుమ్ములో, పిట్ట నడిచిన గుర్తులున్నాయి. మూడు వేళ్ళు, మళ్ళీ మూడు వేళ్ళు. రోజూ తుడిచే గుడ్డ చేతిలోనే ఉంది.

తుడవబుద్ధి కాలేదు.

పైడిరాజు మాస్టారు లేరు.

నిన్న ద్వారకా నగర్‌లో పుస్తకాల షాపులో ఉండగా క్లబ్ సెక్రటరీ గారు ఫోన్ చేశారు. మాస్టారు పొద్దున టీ తాగి కుర్చీలో కూర్చున్నారట. గుండె ఆగిపోయిందట. నేను "సరేనండి" అన్నాను. అలాంటి వార్తకు ఎవరైనా "సరేనండి" అంటారా? చేతిలో ఉన్న పుస్తకం ఏ అరలో పెట్టి వచ్చానో గుర్తు లేదు.

ఆయన తెలియనివాళ్ళ కోసం రెండు మాటలు.

స్టీల్ ప్లాంట్‌లో రిగ్గర్‌గా చేసి రిటైరయ్యారు. క్రేన్ ఎత్తే బరువులకు తాళ్ళు బిగించే పని. మా మౌంటెనీరింగ్ క్లబ్‌లో ఆయన దగ్గర ముడి నేర్చుకోనివాళ్ళు లేరు. ఏటా గవర్నమెంట్ స్కూల్ పిల్లలకు పెట్టే క్లైంబింగ్ క్యాంపు, వానల ముందు కొండల మీద విత్తన బంతులు విసరడం, సింహాచలం కొండ దారిలో ప్లాస్టిక్ ఏరడం. దేనికైనా అందరికంటే ముందొచ్చి, రాయి మీద కూర్చుని మా కోసం చూస్తూ ఉండేవారు.

గట్టిగా మాట్లాడకూడదని మా కాన్వెంటులో నేర్పారు. గట్టిగా అనమని నేర్పింది ఆయన.

క్లబ్‌లో ఒక పద్ధతి ఉంది. పిల్లలు బండ ఎక్కేముందు నడుముకి తాడు కడతాం. కట్టినవాళ్ళు కాక ఇంకొకరు ఆ ముడి మీద చెయ్యి వేసి, చూసి, "చూశాను" అని పైకి అనాలి. ఆ మాట వినబడందే పిల్లలు బండ మీద కాలు పెట్టరు.

నేను మొదట్లో పెదాలు మాత్రమే కదిపేదాన్ని.

"కడుపులో అనుకుంటే తాడుకేటి తెలుస్తాది బుక్కులమ్మా? ఇనబడేలా అను."

చేతిలో ఎప్పుడూ పుస్తకం ఉంటుందని అలా అనేవారు. ఆయన నన్ను పేరు పెట్టి పిలిచింది తక్కువ.

రెండేళ్ళ క్రితం క్యాంపు. పరవాడ వైపు స్కూల్ నుంచి వచ్చిన పాప, ఏడో తరగతి. ఆ పాప ముడి చూడాల్సిన వంతు నాది. పక్కన ఉన్న టీచర్ ఏదో అడుగుతున్నారు. ఆమెకు జవాబు చెబుతూ ముడి మీద చెయ్యి వేశాను. "చూశాను" అన్నాను, గట్టిగానే.

చూడలేదు.

ముడి సగమే వేసి ఉంది.

పాప రెండు నిలువుల ఎత్తుకు వెళ్ళాక కింద నుంచి మాస్టారు గమనించారు. అరవలేదు. చెప్పులు విడిచి, తాడు లేకుండా, ఒట్టి కాళ్ళతో పక్క నుంచి ఎక్కారు. ఆ వయసులో. బండ అంచు మీద పాదాలు ఊని, ఒక చెయ్యి పాప వీపుకి ఆనించి, "అమ్మీ, ఇక్కడ్నుంచి సముద్రం కనబడతందా? ఓడలెన్నున్నాయో సెప్పు" అన్నారు.

పాప బండను పట్టుకుని, తల తిప్పి లెక్కపెట్టింది. ఆలోపు ఆయన రెండో చేత్తో, పళ్ళతో, ముడి పూర్తిచేశారు.

పాప "ఐదు" అంది.

ఇద్దరూ దిగాక, ఆ ముడి ఎవరు చూశారని సెక్రటరీ గారు అడిగారు. నేను నోరు తెరిచాను. గొంతు రాలేదు.

"నానే బాబూ. కళ్ళు ఆనలేదు" అన్నారు మాస్టారు.

కమిటీ ఆయన్ని తాళ్ళ దగ్గర నుంచి తప్పించింది. తర్వాతి క్యాంపులో కింద టెంటులో కూర్చుని పిల్లలకు మజ్జిగ పోశారు. కళ్ళ డాక్టర్ దగ్గరికి తీసుకెళ్తామని మనవాళ్ళు చాలామంది అన్నారు. నవ్వి ఊరుకున్నారు.

అదే మనిషి, కొండ దిగుతూ, ఎక్కడో తుప్పలో ఉన్న గుట్కా పేకెట్ చూపించి తెమ్మనేవారు. నాకు దగ్గరికి వెళ్ళినా కనబడేది కాదు. కళ్ళజోడు నాకు కావాలట, ఆయనకు కాదట.

ఒక ఆదివారం ప్లాస్టిక్ ఏరుతూ అడిగాను, ఎందుకలా చెప్పారని. ఆయన సంచి కింద పెట్టారు.

"నానూ ఒకపాలి సూడకుండా సరే అనేసాను, ప్లాంటులో. మా ఫోర్మేను తన మీదేసుకున్నాడు. ఆ తరవాత సూడకుండా ఎప్పుడూ అన్లేదు. నువ్వూ అనవు."

అందరికీ చెప్పేస్తానన్నాను.

"సెప్పు. గొంతొచ్చినప్పుడు సెప్పు."

రాలేదు. ప్రతి మీటింగ్‌లో వెనక వరుసలో కూర్చుని, ఇవాళ చెబుతాను అనుకుని, ఇంటికొచ్చేసేదాన్ని. ఆయన ఒక్కసారి కూడా గుర్తు చేయలేదు.

నిన్నటి నుంచి మా క్లబ్ వాట్సాప్ గ్రూపులో మెసేజ్‌లు చదువుతున్నాను. అందరూ ప్రేమగానే రాశారు. కానీ కొందరు "పాపం, చివర్లో చూపు తగ్గింది, ఆ క్యాంపులో కూడా..." అని రాశారు. మాస్టారి కూతురు కూడా అదే గ్రూపులో ఉన్నారు. చదివే ఉంటారు.

అందుకే ఇది రాస్తున్నాను.

ఆయన చూపు తగ్గలేదు. ఆ ముడి మీద చెయ్యి వేసింది నేను. చూడకుండా "చూశాను" అన్నది నేను. ఆయన ఉండగా, ఆయన ముందు చెప్పాల్సింది. ఆ ఒక్క పనీ చేయలేకపోయాను.

అక్కా, మీ నాన్నగారి గురించి ఎవరేమన్నా ఈ పోస్ట్ చూపించండి.

కమిటీ ఏం నిర్ణయించినా నాకు సమ్మతమే.

వెళ్ళండి మాస్టారూ. ఇక ఎవరి బరువూ మీ చేతుల్లో లేదు. నిశ్చింతగా ఉండండి.

ఈ ఆదివారం మళ్ళీ క్యాంపు ఉంది. అక్కడ ముడులు చూసే పని నాకే ఇవ్వమని, పోయిన వారం మాస్టారు కమిటీకి కాగితం రాసిచ్చారు.