స్కేలు పెట్టి గీసిన పెళ్లి

పెళ్లి సంబంధాలు చెడడానికి లోకంలో నానా కారణాలున్నాయి. కొందరికి ఊళ్లు కుదరవు, కొందరికి మేనమామలు అడ్డం పడతారు. నా సంబంధాన్ని మాత్రం ఎవరూ చెడగొట్టలేదు. నేనే, నా చేత్తో, స్కేలు పెట్టి, మార్జిన్ వదిలి, నీటుగా గీసి మరీ చెడగొట్టుకున్నాను. మీరు నిండుగా నవ్వుకోండి. నేను మాత్రం ఇప్పటికీ సగమే నవ్వగలను.

అప్పుడు విశాఖలో ఒక చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీలో పనిచేసేవాణ్ణి. ఇల్లు కట్టేముందు ప్లాను గీసినట్టే, సాఫ్ట్‌వేర్ రాసేముందు బొమ్మలు గీస్తారు. దానికి యూఎంఎల్ అని ఒక బొమ్మల భాష ఉంది. అన్నీ పెట్టెలూ, గీతలూ. ఒక్కో పెట్టెలో పైన పేరు, మధ్యలో వివరాలు, కింద అది చేసే పనులు. ఏ దేశంలో ఎవరు చూసినా ఒకటే అర్థం రావాలి. అదే ఆ భాష గొప్ప. ఆ గొప్పే నా కొంప ముంచింది.

సునంద మా టీములోనే టెస్టర్. మేం రాసినదాంట్లో తప్పులు పట్టుకోవడం ఆమె ఉద్యోగం. వాళ్లది అరకు దాటాక ఒక ఊరు. ఇద్దరం ఇష్టపడ్డాం. టీ తాగడానికి దిగినప్పుడల్లా ఆమె ఒకటే అడిగేది.

"పెళ్లయ్యాక ఎలా ఉందామనుకుంటున్నావు?"

"ఏముంది, హ్యాపీగా ఉందాం."

"హ్యాపీగా అంటే?"

"అంటే... బాగా."

"ప్రసాదూ, ఆఫీసులో క్లయింటుకి కూడా ఇలాగే చెప్తావా?"

నోరు తెరిచి మాట్లాడవయ్యా అని ఆ పిల్ల భావం. నాకేమో, క్లయింటుకి గీసినట్టు గీసి చూపించు అన్నట్టు వినపడింది. పెద్ద చార్టు కొన్నాను.

ఒక ఆదివారం సునంద వాళ్లింట్లో పెళ్లి మాటలనుకోవడానికి అమ్మా నేనూ అరకు రైలెక్కాం. అమ్మ గుమ్మలక్ష్మీపురం దగ్గర మా ఊళ్లో ఉంటుంది. ఎన్నడూ అటు రైలెక్కలేదు. సొరంగం వచ్చినప్పుడల్లా ఉలిక్కిపడేది. నేను అమ్మ చెయ్యి పట్టుకోలేదు, చార్టు నలగకుండా పట్టుకున్నాను.

"ఏటిరా అది, తుపాకీలాగ పట్టుకున్నావు?"

"ప్లానమ్మా."

"ఇల్లు కడతన్నావేటి?"

"ఇల్లు కాదమ్మా, సంసారం."

అమ్మ నన్ను జ్వరమొచ్చినవాణ్ణి చూసినట్టు చూసింది.

సునంద నాన్నగారు మిషన్ బడిలో రిటైరైన మాస్టారు. చిన్న ప్రార్థన చేశారు. పెరటి గింజలతో కాచిన కాఫీ ఇచ్చారు. "అబ్బాయి ఏదో చూపిస్తాడట," అన్నారు నవ్వుతూ. అదే చాలు. ఏసుప్రభువు క్యాలెండరు పక్కన గోడకి చార్టు అంటించేశాను.

"ఈ పెద్ద పెట్టె ఏటి బాబూ?" అన్నారు మాస్టారు.

"ఇల్లండి."

"ఇదో?"

"నేనండి. ఆ పక్కది సునంద."

రెండు పెట్టెల్లోనూ మధ్యలో ఫోన్, జీతం లాంటి వివరాలు. నా పెట్టెలో నేను చేసే పనులు: ఉద్యోగం, నిర్ణయాలు, ప్రయాణాలు. సునంద పెట్టెలో వంట, పిల్లలు, అమ్మను చూసుకోవడం, చివర బ్రాకెట్లో ‘వీలైతే ఉద్యోగం’. ఆ బ్రాకెట్ నా ఉదారత.

"చేతిరాత బాగుంది బాబూ," అన్నారు మాస్టారు. నా ఛాతీ పూరీలా పొంగింది.

అంతలో సునంద వంటింట్లోంచి వచ్చి చార్టు ముందు నిలబడింది. ఆఫీసులో స్క్రీన్ ముందు కూర్చున్నప్పటి మొహమే. పారిపోవాలని నాకు అప్పుడే తట్టాల్సింది. తట్టలేదు.

"నా ఫోన్ ముందు ప్లస్ ఉంది. నీ ఫోన్ ముందు మైనస్ ఉంది," అంది. ఆ భాషలో ప్లస్ అంటే ఎవరైనా చూడొచ్చు, మైనస్ అంటే సొంతదారు తప్ప ఇంకెవరూ చూడకూడదు.

"అదా... టైపింగ్ మిస్టేక్."

"చేత్తో రాశావు కదా."

మాస్టారు కాఫీ గ్లాసు కింద పెట్టారు.

"ఇంటి దగ్గర రెండు గీతలు కలిశాయి. నీ గీత చివర డైమండ్ ఖాళీగా వదిలావు. నా గీత చివర నల్లగా నింపావు. ఎందుకు?"

"నింపితే గట్టి బంధం కదా అని..."

"మొన్న కొత్తగా చేరినవాళ్లకి దీని గురించి నువ్వే క్లాసు చెప్పావు. ఏమని చెప్పావు?"

నేను క్యాలెండరు వైపు చూశాను. "తెలిస్తే చెప్పు బాబూ, భయమేటి?" అన్నారు మాస్టారు, బడిలో పిల్లాడితో అన్నట్టు.

"ఖాళీగా ఉంటే... ఇల్లు లేకపోయినా ఆ మనిషి ఉంటాడండి. నింపితే..."

"నింపితే?"

"ఇంటితోపాటే పోతుందండి."

అప్పటికైనా క్షమించమంటే సరిపోయేది. కానీ నేను జేబులోంచి మార్కర్ తీశాను.

"నువ్వు టెస్టర్‌వి సునందా, అన్నిట్లోనూ తప్పులే వెతుకుతావు. సరే, ఎక్కడ తప్పో చెప్పు, ఇప్పుడే దిద్దేస్తా."

"తప్పయితే దిద్దొచ్చు ప్రసాదూ," అంది నెమ్మదిగా. "ఇందులో తప్పేం లేదు. నువ్వు అనుకున్నదే అనుకున్నట్టు గీశావు."

గోడ సున్నం రాలకుండా టేపులు ఊడదీసి, చార్టు చుట్టి, నా చేతికిచ్చింది. మా అమ్మ వైపు తిరిగి, "భోంచేసి వెళ్లండి అత్తా," అంది. ఆనాటి నాటుకోడి కూర నా గొంతులో ఇంకా దిగుతూనే ఉంది.

తిరుగు బస్సు ఘాట్‌రోడ్డు సగం దిగాక అమ్మ అడిగింది.

"ఒరే, ఆ కాయితంలో నానెక్కడున్నాను?"

"నీకు వేరే పెట్టె లేదమ్మా. సునంద చేసే పనుల్లో ఉన్నావు."

"పనినేటి నాను?" అంది అమ్మ. "నన్ను సూసుకోడం ఆ గుంట పనని రాసీసినావు. ఆ గుంటనడిగినావా? పోనీ నన్నడిగినావా? మీ అయ్య పోయినకాడ్నుంచి కొండమీద సేను నానే సేసుకున్నాను. నన్నెవులు సూసుకున్నార్రా?"

బస్సు మలుపు తిరిగింది. నేను కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాను.

సునంద ఆఫీసులో ఎవరికీ చెప్పలేదు. చెప్పి నవ్వించి ఉంటే నాకు తేలికయ్యేది. పని మాటలు మామూలుగానే మాట్లాడేది. క్షమాపణ మెసేజ్ రాద్దామని కూర్చున్నాను. కాసేపటికి చూసుకుంటే ఒకటి, రెండు అంటూ పాయింట్లు వేస్తున్నాను. చెరిపేశాను.

కొన్ని నెలలకి ఆమెకి హైదరాబాదులో ఉద్యోగం వచ్చింది. ఆఖరి రోజు మెట్ల దగ్గర ఆపాను.

"సునందా, ఒక మాట."

"చెప్పు," అంది. నిజంగానే ఆగింది. బ్యాగు కూడా కింద పెట్టింది. మా ఇద్దరి మధ్యా ఏ కాగితమూ లేదు.

"రైలెన్ని గంటలకి?" అన్నాను.

"బస్సు," అంది. ఇంకాసేపు చూసింది. బ్యాగు తీసుకుని దిగిపోయింది.

కనుక చదువరులారా, చేతిలో మార్కర్ గానీ స్కేలు గానీ లేకుండా, పూర్తి స్పృహలో ఉండి ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట బ్యాంకుల్ని గీస్తాను, గోదాముల్ని గీస్తాను, కాఫీ గింజలు కొనే సంఘాల్ని గీస్తాను. ఊపిరి తీసుకునే ఏ ప్రాణినీ పెట్టెలో పెట్టి గీయను, గీయించను, గీసేవాళ్ల పక్కన నిలబడను.

ఈ ప్రమాణాన్ని ఫోన్లో అమ్మకి చదివి వినిపించాను. అంతా విని అమ్మ అంది:

"బాగానే ఉంది గానీ, గియ్యను గియ్యను అంతన్నావు. అలాగనుకోనని మాత్రం సెప్పవేటిరా?"