చిన్నమ్మ మెడలో రోమ్ రాణి

మా చిన్నమ్మ మొన్న గోదావరిఖనిలో కన్నుమూసింది. తమ్ముడు ఫోనులో చెప్పగానే ఏడ్చాను. కాసేపటికి నవ్వొచ్చింది. ఆమెను తలుచుకుంటే ఎవరికైనా అంతే.

ఆమె నన్ను కనలేదు. అమ్మ పోయాక బాపు చేసుకున్న మనిషి. మా వైపు రెండో భార్య, పోయిన ఇల్లాలి బొమ్మ ఉన్న బిళ్ళను మెడలో వేసుకుంటుంది. కమాన్‌పూర్ చెలక దున్నుతుంటే బాపుకు ఆడమనిషి ముఖమున్న బిళ్ళ దొరికింది. కొప్పు అచ్చం అమ్మదేనని, కంసాలి అవుసులాయనతో దానికి కొక్కెం పెట్టించాడు. బంగారమని ఊళ్ళో అనేవారు; కాదు, వెండి. అమ్మ ఫోటో మాకు లేదు. నాకూ ఆ ముఖమే అమ్మ.

చిన్నమ్మ రోజూ దానికి బొట్టు పెట్టి, "అక్కా, పిల్లలు పైలం" అన్నాకే పొయ్యి ముట్టించేది. మేము అన్నం వదిలేస్తే బిళ్ళ పైకెత్తి, "మీ అమ్మ సూస్తుంది" అనేది. పళ్ళెం ఖాళీ అయ్యేది.

డెబ్బైల మొదట్లో, నేను హైస్కూల్లో ఉండగా, ఒకరోజు బడికి వచ్చిన చిన్నమ్మ మెడలోని బిళ్ళ మా చరిత్ర సారు కంటపడింది.

"అమ్మా, ఇది రోమ్ దేశపు నాణెం. రాణి బొమ్మ."

చిన్నమ్మ ముఖం పాలిపోయింది. "అంటే మా అక్క కాదా సారూ? గిన్నేండ్లు అక్కకు బొట్టే పెట్టలేదా నేను?"

తోడొచ్చిన పక్కింటి అత్త ఊరుకోలేదు. "ఏందే, తెల్లదొరసానికి మొక్కినవా? తీసెయ్!"

చిన్నమ్మ చెయ్యి కొక్కెం మీదికి పోయింది. "ఆగమ్మా" అని సారు భూతద్దం, నాణేల బొమ్మల పుస్తకం తెచ్చారు.

"ఫౌస్టీనా అని ఇద్దరు రాణులు. తల్లీబిడ్డలు, పేరొక్కటే. కొప్పు సూసి చెప్పాలె. బిడ్డకు మెడమీద, తల్లికి నడినెత్తిన. ఈమె తల్లి. పేరు ముందు గీ మాట ఉన్నదా? పోయి దేవతల్ల కలిసిందని అర్థం. ఆమె పోయినంక, యాదికుండాలని రాజు కొట్టించిన పైస ఇది."

"పోయిన పెండ్లానికా?"

"అవునమ్మా."

చిన్నమ్మ కొక్కెం వదిలేసింది. "ఇంకేంది మరి! గా రాజు గూడ మా ఆయన అసొంటోడే. మా అక్కకు రాణి తోడు దొరికింది." వెంటనే అత్త వైపు తిరిగింది. "నువ్వు పోతే నీ మొగడు పైస కొట్టియ్యడు, సంబురంగ సీటీ కొడ్తడు!"

సారు నవ్వు దాచుకోవడానికి నల్లబల్ల వైపు తిరిగారు.

దారిలో చిన్నమ్మ బొగ్గుగనిలో షిఫ్టు దిగి వస్తున్న ప్రతి మనిషినీ ఆపి బిళ్ళ చూపించింది. వాళ్ళు బొగ్గు చేతులతోనే అటూ ఇటూ తిప్పి చూశారు. ఇల్లు చేరేసరికి రాణి బుగ్గ మీద నల్లటి బొటనవేలి ముద్ర. చిన్నమ్మ గడపలో కూర్చుని, కొంగు తడిపి, పసిపిల్ల మూతి తుడిచినట్టు మెల్లగా తుడుస్తూ నవ్వుతోంది.