పక్క మొక్క

ఎండిన మొక్కల్ని అట్టల మీద అంటించే ఆవిడ ఇరవై రెండేళ్లుగా అదే కిటికీ పక్కన, అదే బల్ల దగ్గర కూర్చుంటోంది. ఎవరు పిలిచినా ముందు ఆకు మడత సరిచేసి, వేళ్లకంటిన జిగురు గోటితో గీక్కుని, అప్పుడు తలెత్తుతుంది. ఆ పరిశోధన సంస్థ డైరెక్టరు పిలిస్తే ఇంకాస్త ఆలస్యంగా ఎత్తుతుంది. ఔషధ మొక్కల పరిశోధనలో ఆయనది పెద్ద పేరు. ఆయన పుస్తకాల్లోని మొక్కల్లో సగం ఈవిడ కొండలెక్కి, జలగలకు రక్తం ధారపోసి తెచ్చినవే. ఆయన బూటుకి మట్టి అంటించుకున్న పాపాన పోలేదు. మొన్నటి వానల్లో ఆవిడ తవ్వి తెచ్చిన మొక్క లోకానికే కొత్తదని తేలింది. శిష్యులంతా కలిసి దానికి ఆయన పేరు పెట్టేశారు.

ఇవాళ దానితో ఫొటో కోసం వచ్చిన డైరెక్టరు, ఆ మొక్క అంటించిన అట్ట చూసి మొహం చిట్లించాడు.

"ఈ పక్క మొక్కేంటమ్మా, అడ్డంగా? పీకెయ్. నా పేరున్నది ఒక్కటే కనబడాలి."

"పీకితే మీది నిలవదు సార్. మీ పేరున్న దీని వేరు ఆ పక్కదాని వేరులో దిగి ఉంది. సొంతంగా తిండి చేసుకోవడం దీనికి రాదు. దాన్ని పీల్చుకునే బతుకుతుంది."

ఫొటోగ్రాఫరు దగ్గాడు. శిష్యులు నేలచూపులు చూశారు. డైరెక్టరు చెవులు ఎర్రబడ్డాయి.

"సరేలే. అట్ట మూల చీటీలో మాత్రం ఆ సంగతి రాయకు."

"పొద్దున్నే రాసేశాను సార్, చెరగని సిరాతో," అంటూ ఆవిడ అట్టను ఆయన చేతుల్లో పెట్టింది. "కాస్త ఇటు తిప్పి పట్టుకోండి. ఫొటోలో అక్షరాలు కనబడాలి."